ముందు వాకిలి నుంచి తీసిన ఫొటో

ఆ ఫొటోను మా అమ్మమ్మ గుర్తుపట్టలేదు.

ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికింది నాకు. పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దది. అంచులు పసుపుబారి, ఒక మూల విరిగి ఉంది. ఎత్తైన కమాను గుమ్మం, దానికి రెండు పక్కలా వరసగా సన్నటి స్తంభాలు, పై అంతస్తులో చెక్క జాలీల కిటికీలు. వాకిట్లో పాతకాలపు మోటారు కారు. కారు పక్కన తలపాగా చుట్టుకున్న ఒక మనిషి. వెనకవైపు ఉర్దూలో రెండు లైన్లు. ఉర్దూ వచ్చిన స్నేహితురాలికి చూపిస్తే గల్లీ పేరూ, దేవిడీ పేరూ చదివి చెప్పింది. వినగానే ఒళ్ళు ఝల్లుమంది. అది చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో వింటున్న పేరు. మా ముత్తవ్వ, అంటే అమ్మమ్మ వాళ్ళమ్మ, ఆ దేవిడీ వంటింట్లో మసాలాలు నూరేది. పదేళ్ళ వయసు నుంచి పెళ్ళయ్యేదాకా అమ్మమ్మ కూడా ఆమె వెంట వెళ్ళి గిన్నెలు తోమింది. ఆ కుటుంబం వాళ్ళు ఇప్పటికీ ఈ ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ దేవిడీ మాత్రం లేదు. ఆ స్థలంలో ఇప్పుడొక ఫంక్షన్ హాలు, దాని వెనక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు ఉన్నాయి.

ఫొటో పట్టుకుని పరుగున అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "మంచిగున్నది బిడ్డా. ఎవలిల్లు?" అంది.

"నువ్వు పని చేసిన దేవిడీ, అమ్మమ్మా."

"కాదు. అది గిట్ల లేకుండె."

నేను పేరు చెప్పాను, గల్లీ చెప్పాను, వెనక రాసింది చెప్పాను. ఆమె మళ్ళీ చూసి ఫొటో నా చేతికిచ్చేసింది. "ఉంటే ఉండొచ్చు. మేమెన్నడు గీ దర్వాజల నుంచి పోయినం? మాది ఎనుక దర్వాజ. మోరీ పక్కపొంటి పోయేటోళ్ళం. ముంగట ఎట్లుంటదో నాకేం ఎరుక?"

ఏడెనిమిదేళ్ళు రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడిపిన ఇంటి ముఖాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క మాటతో, పదేళ్ళుగా పాత ఫొటోల గురించి నేను కూడబెట్టుకున్న ఆలోచనలన్నీ తలకిందులయ్యాయి. ఈ వ్యాసం ఆ తలకిందులైనదాన్ని సర్దుకునే ప్రయత్నం.

నాకీ ఫొటోల పిచ్చి పరిశోధనతో మొదలైంది. తెలుగు నవలల్లో హైదరాబాద్ నగరం నా పీహెచ్‌డీ అంశం. పాత్రలు నడిచిన వీధులు ఎలా ఉండేవో చూసుకుందామని పాత ఫొటోలు వెతకడం మొదలుపెట్టాను. థీసిస్ అయిపోయింది గానీ వెతుకులాట ఆగలేదు. లేని భవనాల మీద ఒక వింత మోహం పట్టుకుంది. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీనే తీసుకోండి. అద్దాల గదిని ఐనాఖానా అనేవారట, పింగాణీతో అలంకరించిన గదిని చీనీఖానా అనేవారట. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది ఆ దేవిడీలోనే. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలింది. దేవిడీ క్రమంగా కూలి దుకాణాల సముదాయాలుగా మారింది. ఇవాళ అక్కడ గాజుల కోసం, బట్టల కోసం బేరాలాడేవాళ్ళలో చాలామందికి తాము ఒకప్పటి ప్రధానమంత్రి ఇంట్లో నిలబడి ఉన్నామని తెలియదు. అలాగే సైఫాబాద్ ప్యాలెస్. ఆరో నిజాం కాలంలో, 1888లో కట్టింది. సచివాలయం ఆవరణలో జీ బ్లాక్ అనే పేరుతో మన కళ్ళముందే ఉండేది. 2020 జులైలో పాత సచివాలయంతో పాటు దాన్నీ కూల్చేశారు. నా తరం వాళ్ళకి అది ఫొటోలోకి మారిపోవడం కళ్ళారా చూసిన భవనం.

ఇలాంటి ఫొటోలు చూస్తున్నప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఎంత అందమైన ఊరు, ఏం చేసుకున్నాం అనిపిస్తుంది. ఆ బాధ నిజమైందేనని ఇప్పటికీ నా నమ్మకం. కానీ అది ఎవరి బాధ? దాన్ని నేనెక్కడి నుంచి తెచ్చుకున్నాను? ఈ ప్రశ్న నాకు నేను వేసుకున్నది కాదు. ఒక సెమినార్‌లో ఈ ఫొటోలు చూపిస్తూ మాట్లాడినప్పుడు మిత్రురాలొకామె లేచి అడిగింది. "ఊళ్ళల్లో దొరల గడీలు కూలినప్పుడు మనం ఏడ్చామా? అక్కడ వెట్టి చేసినవాళ్ళు, ఆడబాపలుగా బతుకులు పోగొట్టుకున్నవాళ్ళు మన మనుషులని అనుకున్నాం కాబట్టే ఏడవలేదు. మరి పట్నంలో నవాబుల దేవిడీలు కూలితే ఎందుకు ఏడుస్తున్నాం? వాటి గోడలు అందంగా ఉన్నాయనా?"

ఆ రోజు వాస్తుకళ, వారసత్వం, నగర స్మృతి అంటూ ఏవేవో పదాలు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. మా ముత్తవ్వ చేతులు ఆ దేవిడీల్లో ఒకదాని రోటి దగ్గరే కాయలు కాచాయన్న సంగతి నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా ఆ సభలో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదా అని ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఆ ఫొటోల ముందు నిలబడ్డప్పుడు నన్ను నేను ఆ కమాను గుమ్మంలోంచి లోపలికి వెళ్ళే మనిషిగా ఊహించుకుంటున్నాను. నా మోహం అక్కడుంది. పాత భవనం ఫొటో చూసే మనిషిని అతిథిని చేస్తుంది. ఏనాడూ మనల్ని గడప తొక్కనివ్వని ఇంటికి మనల్ని వారసుల్ని చేసి, ఆ ఇల్లు పోయిందని మన చేత కన్నీళ్ళు పెట్టిస్తుంది. చదువు, ఉద్యోగం ఇచ్చిన కొత్త హోదాలో నేను ఆ వారసత్వాన్ని సంతోషంగా పుచ్చుకున్నాను. ముత్తవ్వను వెనక దర్వాజ దగ్గరే వదిలేశాను.

కాబట్టి ముందుగా ఆ ఫొటోలు ఎవరి కోసం, ఎక్కడ నిలబడి తీసినవో చూడాలి. హైదరాబాద్ పాత ఫొటోలు అనగానే గుర్తొచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయినవాడు. ఆ కాలపు కెమెరా బరువైంది, గాజు పలకలు ఖరీదైనవి, దాన్ని పిలిపించుకోగలిగిన వాళ్ళు కొద్దిమంది. పిలిపించుకున్నవాళ్ళు తమ ఇంటిని ఎలా చూపించుకోవాలనుకున్నారో ఫొటో అలా వచ్చింది. ముందు వాకిలి, మెట్లు, దర్బారు హాలు, షాండ్లియర్లు. భవనం ఎంత ఎత్తో తెలియడానికి గోడ పక్కన ఒక మనిషిని నిలబెట్టడం ఆనాటి ఫొటోగ్రాఫర్లలో మామూలే. కొలబద్ద పని చేసిన ఆ మనిషికి పేరుండదు. నాకు దొరికిన ఫొటోలో కారు పక్కనున్న తలపాగా మనిషి కూడా అంతే. కారు ఏ కంపెనీదో చెప్పగలిగే నిపుణులు దొరుకుతారు. ఆయన ఎవరో చెప్పేవాళ్ళు దొరకరు.

మరి ఆడవాళ్ళు? దేవిడీ నిర్మాణమే ఆడవాళ్ళు కనిపించకుండా ఉండేందుకు చేసింది. ఎత్తైన ప్రహరీ, మగవాళ్ళు కూర్చునే మర్దానా, దాని వెనక లోపలికి లోపలికి జనానా. బయట నిలబడిన కెమెరాకి జనానా అందదు. అందుకే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపలంతా స్త్రీలే. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. పరదా పాటించే స్త్రీలు అక్కడికొచ్చి ఫొటోలు తీయించుకునేవారు. ఇది చదివినప్పుడు మొదట ఎంతో సంతోషం వేసింది. నూట ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో ఒక స్త్రీ కెమెరా వెనక నిలబడి, మరో స్త్రీని కెమెరా ముందు కూర్చోబెట్టింది! తర్వాత నెమ్మదిగా ఒక ఇబ్బంది మొదలైంది. ఆ బేగంలు ఫొటో తీయించుకున్నది ఇంటి మగవాళ్ళ కోసం, తమ కోసం. పరాయి చూపు పడకూడదనే అన్ని గోడలు కట్టించుకున్నారు. అలాంటి ఫొటో ఒకటి రేపు నాకు ఫుట్‌పాత్ మీద దొరికితే నేను చూడొచ్చా? పుస్తకం అట్ట మీద వేయొచ్చా? పరదాను అణచివేత అని రాసే చేత్తోనే ఆ స్త్రీ అనుమతి లేకుండా ఆ పరదాను తొలగిస్తే, ఆ పని చేస్తున్నది నా స్త్రీవాదమా, నా పరిశోధన ఆకలా? నాకింకా తేలలేదు. భవనాల ఫొటోల దగ్గర ఇంత ఇబ్బంది ఉండదనే నేను వాటివైపు మళ్ళానేమో కూడా.

అమ్మమ్మ మాట విన్నాక నాకు వెంటనే గుర్తొచ్చింది కోఠీ ఉమెన్స్ కాలేజీ. నేను డిగ్రీ చదివింది అక్కడే. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1798 నుంచి 1805 దాకా ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో మొదలైన భవనం. ఆయన హైదరాబాద్ కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కోసం రెసిడెన్సీ ఆవరణలో రంగ్‌మహల్ అనే జనానా కట్టించాడు. తోటలో రెసిడెన్సీ భవనానికి ఒక చిన్న నమూనా ఉంది. మేం చదువుకునే రోజుల్లో దాన్ని బొమ్మరిల్లు అనుకునేవాళ్ళం. దాని గురించి ఒక కథ చెబుతారు. ఖైరున్నిసా పరదాలో ఉండేది కాబట్టి భవనం ముందుకొచ్చి ఆ స్తంభాల, మెట్ల వైభవాన్ని చూసే వీలు లేదట. అందుకని అది ఎలా ఉంటుందో చూపించడానికి భర్త ఈ నమూనా చేయించాడట. కథే కావచ్చు. కానీ రెండు వందల ఏళ్ళుగా జనం ఆ కథ చెప్పుకుంటున్నారంటే, ఇంటి యజమానురాలు తన ఇంటి ముందు భాగం చూడలేకపోవడం వాళ్ళకి నమ్మదగ్గ విషయంగానే తోచిందన్నమాట.

ఒక బేగం, ఒక పనిపిల్ల. ఇద్దరూ తామున్న ఇంటి ముఖం చూడలేదు. ఈ పోలిక తట్టిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. వ్యాసం మొత్తం కళ్ళముందు కనబడింది. పితృస్వామ్యం అందరు స్త్రీలనీ ఇంటి వెనక్కే నెట్టింది, ముందు వాకిలి మగవాళ్ళది, కెమెరా కూడా మగవాళ్ళదే అని చక్కగా ముగించవచ్చు. పొద్దున లేచి చూస్తే ఆ చక్కదనమే అనుమానం కలిగించింది. ఖైరున్నిసాకు ముందు భాగం చూపించడానికి ఒకరు నమూనా చేయించారు, కనీసం చేయించారని కథైనా పుట్టింది. మా అమ్మమ్మకు ఎవరు చేయిస్తారు? బేగం లోపల ఉండటం పరువు. పనిమనిషి వెనక ఉండటం అంటు, మైల, తక్కువతనం. అమ్మమ్మ గిన్నెలు తోమిన ఇంట్లోనే పెద్ద పాషా అని పిలిచే ఇంటావిడ ఉండేది. ఆమె కూడా వీధి చూడలేదు. కానీ చెంచా పోయిందని పన్నెండేళ్ళ అమ్మమ్మను ఒక పూటంతా కట్టెల గదిలో పెట్టి గొళ్ళెం వేయించింది ఆమే. సాయంత్రం చెంచా దొరికాక, ఏమీ జరగనట్టు ఒక గిన్నెడు షీర్ ఖుర్మా చేతిలో పెట్టింది కూడా ఆమే. అమ్మమ్మ ఈ రెండూ ఒకే గొంతుతో చెబుతుంది. "గసొంటి ఖుర్మా మళ్ళ తినలే" అని నవ్వుతుంది. ఆ నవ్వును క్షమ అనాలో, మరపు అనాలో, ఇంకేమైనా అనాలో నాకు తెలియదు. ఒకే గోడ వెనకున్న ఇద్దరు స్త్రీలను ఒకే మాటలో కలిపేయడం మాత్రం నాకిక సాధ్యం కాదు.

ఇప్పుడు మిత్రురాలి ప్రశ్నకు తిరిగొస్తాను. గడీలకు ఏడవనిదాన్ని దేవిడీలకు ఎందుకు ఏడవాలి?

నా మొదటి సమాధానం, కూలడాలన్నీ ఒకటి కావని. తెలంగాణ సాయుధ పోరాటంలో గడీల మీదికి జనం లేచారు. ఆ పోరాటంలో ఆడవాళ్ళేం చేశారో, తర్వాత ఏం పోగొట్టుకున్నారో 'మనకు తెలియని మన చరిత్ర' 1986లోనే వాళ్ళ నోటి నుంచే మనకు వినిపించింది. దొర పారిపోయిన గడీ ముందు నిలబడ్డ జనానికి, అది తమ చేతుల్లో కూలినా, ఎండకూ వానకూ దానంతటదే కూలినా, ఒక అర్థం ఉంది. పట్నంలో దేవిడీల కూలివేత వెనక అలాంటి అర్థం వెతికితే దొరకదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, ఆదాయం పోయింది, వారసుల మధ్య పంపకాలయ్యాయి, గజం ధర పెరిగింది. గోడలు పడ్డాయి. పని చేసినవాళ్ళ లెక్క ఎవరూ తేల్చలేదు. అమ్మమ్మ మాటల్లో చెప్పాలంటే "జీతాలిచ్చుడు బంద్ వెట్టిండ్రు, మమ్ముల రావద్దన్నరు, గంతే". ఆ స్థలం అమ్మిన డబ్బులో గాని, ఇప్పుడున్న ఫంక్షన్ హాలు లాభంలో గాని ముత్తవ్వ చేతులకు వాటా లేదు. అన్యాయం జరిగిన ఇల్లు పోయినంత మాత్రాన అన్యాయం తీరదు. సాక్ష్యం పోతుంది, అంతే.

సాక్ష్యం అని ఎందుకంటున్నానంటే, ఫొటోలో లేనివన్నీ ఆ గోడల్లో ఉండేవి. మోరీ పక్కనుంచి పోయే సన్నటి దారి, తలవంచితే తప్ప దూరలేని వెనక దర్వాజ, కట్టెల గది గొళ్ళెం, జనానా మెట్ల మలుపు. ఎవరు ఎక్కడిదాకా రావచ్చో, ఎక్కడ ఆగాలో రాసిపెట్టిన దస్తావేజు ఆ ఇంటి నిర్మాణమే. ఇల్లు కూలినప్పుడు ముందూ వెనకా రెండూ కూలతాయి. కానీ ముందుది ఫొటోలో మిగులుతుంది, ఆల్బముల్లోకి, ఖరీదైన పుస్తకాల్లోకి, హోటళ్ళ గోడల మీదికి వెళుతుంది. వెనకది పూర్తిగా పోతుంది. ఇంకో యాభై ఏళ్ళకి మన ముందున్న గతమంతా ముందు వాకిళ్ళే అవుతుంది. అప్పుడు మన పిల్లలు ఆ ఫొటోలు చూసి, వెనక దర్వాజలే లేని ఊరు ఒకటి ఇక్కడుండేదని నమ్ముతారు. నగరం మీద మన వియోగగీతాలన్నీ ఆ నమ్మకానికి నీళ్ళు పోసి పెంచుతున్నాయని నా భయం.

నిజానికి ఆ అందమైన ఊరు కూడా కూలివేతల మీద లేచిందే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేల మంది ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. విశాలమైన రోడ్లు, పత్థర్‌గట్టీ రాతి దుకాణాల వరస, మూసీ ఒడ్డున పెద్ద పెద్ద భవనాలు, ఇవాళ మనం నోస్టాల్జియాతో చూసే హైదరాబాద్‌లో చాలా భాగం అప్పటిది. వాటి కోసం ఇరుకు బస్తీలెన్నో ఖాళీ అయ్యాయి. ఆ బస్తీల్లో ఉన్నవాళ్ళ గుడిసెల ఫొటోలతో ఎవరూ అందమైన పుస్తకాలు వేయరు. పోయిన ఇళ్ళలో కూడా ఏది తలుచుకోదగ్గదో ముందే ఎంపిక జరిగిపోయి ఉంటుంది.

నా రెండో సమాధానం మళ్ళీ కోఠీ కాలేజీ దగ్గరే దొరికింది. రంగ్‌మహల్ ఇప్పుడు లేదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే తర్వాతి దొరలు దాన్ని పడగొట్టించారు. ఖైరున్నిసా బతికిన గదులు పోయాయి, ఆమె చూడలేకపోయిందని చెప్పుకునే ముందు భాగం మాత్రం నిలిచింది. అయితే అది నిలిచింది కాబట్టే 1949లో అందులోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఆ పెద్ద మెట్లు, మెట్లకు రెండు పక్కలా రాతి సింహాలు. ఆ మెట్ల మీద కూర్చుని మేం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం, నోట్సులు మార్చుకున్నాం, ఏడ్చుకున్నాం, నవ్వుకున్నాం. దేవిడీ వెనక దర్వాజ నుంచి వెళ్ళిన మనిషి మనవరాలు రెసిడెన్సీ ముందు మెట్లెక్కి క్లాసుకు వెళ్ళింది. అప్పుడు నాకది పెద్ద విషయంగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తన పొలం కోసం, తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడ్డ ఐలమ్మ పేరు, నిజాం ప్రభువుల్ని కూడా శాసించిన దొరల ఇంటి మీదికొచ్చింది. పేరు మారితే అన్నీ మారవని మనకు తెలుసు. అయినా ఆ గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆగి ఒకసారి చదువుకుంటాను.

నిలబడి ఉన్న ఇల్లు చేతులు మారగలదు. ఎవరిని వెనక ఉంచిందో వాళ్ళ పిల్లలు ఒకనాడు ముందు నుంచి లోపలికి రావచ్చు, బడి పెట్టుకోవచ్చు, ఆస్పత్రి పెట్టుకోవచ్చు, ఇక్కడ ఫలానావాళ్ళను బంధించారని బోర్డు రాసి పెట్టుకోవచ్చు. కూలిన ఇంటికి ఆ అవకాశం లేదు. అది శాశ్వతంగా దాని యజమానులదే అయిపోతుంది, ఎందుకంటే మిగిలిన ఫొటో యజమానులది. 2019లో ఇర్రం మంజిల్‌ను కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసినప్పుడు నేను సంతోషించింది ఫక్రుల్‌ముల్క్ నవాబు కోసం కాదు. నూటయాభైకి పైగా గదులున్నాయని చెప్పే ఆ భవనంలో ఎన్ని వెనక గదులున్నాయో, ఎవరో ఒక అమ్మాయి ఎప్పటికైనా వెళ్ళి చూడగలదని. దేవిడీల కోసం నేను ఏడవడం ఇప్పటికీ మానలేదు. ఏం పోయిందని ఏడుస్తున్నానో మారింది. గుమ్మం వైభవం పోయినందుకు దిగులు తగ్గింది. ముత్తవ్వ వారసురాలిగా నేను ఆ గుమ్మంలోంచి లోపలికి నడిచి, వంటిల్లు దాటి, వెనక దర్వాజ దాకా వెళ్ళి చూసే వీలు పోయినందుకు దిగులు.

ఈ మాటలు రాస్తున్నప్పుడు కూడా ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. సెమినార్‌లో ముత్తవ్వను దాచిన నేనే, ఇప్పుడు వ్యాసానికి బలం కావాల్సొచ్చి ఆమెను ముందుకు తెస్తున్నానా? సిగ్గుపడి దాచడం, గర్వపడి చూపించడం, రెండిట్లోనూ ఆమె నా అవసరానికే కదా నిలబడింది, ఫొటోలో కొలబద్దలా నిలబెట్టిన మనిషిలాగే? దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అందుకే రాసినంతవరకూ అమ్మమ్మకు చదివి వినిపించాను. కట్టెల గది సంగతి రాయొచ్చా అని అడిగాను. "రాయి. చెంచా నేను తియ్యలేదని కూడ రాయి" అంది. రాశాను: ఆ చెంచా ఆమె తీయలేదు.

మళ్ళీ ఫొటో ఇమ్మంది ఆ రోజు. ఈసారి గుమ్మం వైపు చూడలేదు. కుడివైపు పై మూలన, కప్పు దాటి వెనకగా కొంచెం నల్లటి గుబురు కనిపిస్తుంది. నేనది ఫొటో మీద మరక అనుకున్నాను. అమ్మమ్మ దాని మీద వేలు పెట్టింది. "నేరేడు చెట్టు! గిది మాదే. దీని కిందనే బాయి. బాయి పక్కపొంటి మా అవ్వ రోలు." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇల్లు కూలగొట్టినప్పుడు ఆ రోలు ఏం జేసిండ్రో. అది నేలల పాతిన రోలు. మా అవ్వ నూరి నూరి గుంత వడ్డది" అంది. ఇల్లు పోయిందని నేను చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. రోలు గుర్తొచ్చినప్పుడు కళ్ళు తడయ్యాయి.

నా నోట్‌బుక్ లోంచి ఒక కాగితం చింపి పెన్సిల్ ఇచ్చాను. అక్షరం రాని మనిషి, పెన్సిల్‌ని ముగ్గుపిండి పట్టుకున్నట్టు పట్టుకుని గీసింది. మోరీ, వెనక దర్వాజ, బావి, చెట్టు, రోలు, వంటిల్లు, కట్టెల గది, జనానాలోకి పోయే ఐదు మెట్లు. ఐదో మెట్టు దగ్గర ఆపేసింది. "గీడిదాంకనే మాకెరుక" అంది. మిగిలిన కాగితమంతా ఖాళీ.

ఆ కాగితం, ఫొటో రెండూ ఇప్పుడు నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. ఫొటో ఆగిన చోటుకీ, అమ్మమ్మ గీత ఆగిన చోటుకీ మధ్య చాలా గదులున్నాయి. వాటి గురించి చెప్పగలిగినవాళ్ళు, పెద్ద పాషా కూతుళ్ళో మనవరాళ్ళో, ఈ ఊళ్ళోనే ఎక్కడో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళి, నేనెవరి మనవరాలినో ముందే చెప్పి, అడగాలి.